సాకుల జప్తు

అరవై దాటి, పదిహేనేళ్ళుగా వ్యాయామాన్ని 'రేపట్నుంచి' మొదలుపెడుతూ వస్తున్న వర్గం ఒకటి ఈ లోకంలో ఉంది. దానికి సంఘం లేదు, జెండా లేదు, అధ్యక్షుడు లేడు. ఎన్నిక పెట్టుకుందామంటే చెయ్యెత్తాలి కదా, భుజం పట్టేస్తుందని భయం. అందుకని ఎవరూ అడక్కపోయినా మా వర్గం తరఫున ఈ విన్నపం నేనే రాస్తున్నాను. అయ్యా, మా ఆస్తులు ఒక్కొక్కటే జప్తు అయిపోతున్నాయి. పొలాలూ స్థలాలూ పోయినా ఇంత బాధపడేవాళ్ళం కాదు. పోతున్నవి మా సాకులు.

'వయసైపోయిందండీ' అన్నది తాతల నాటి సాకు. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళు కిమ్మనేవారు కాదు. పైగా జాలిపడి కుర్చీ వేసేవారు. దీని మీద మొదటి దెబ్బ 1966లో పడింది. అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగుర్ని మూడు వారాల పాటు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టి, వాళ్ళ ఒంటి సత్తువ ఎంత తగ్గిందో కొలిచారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగుర్ని వెతికి పట్టుకుని మళ్ళీ కొలిచారు. అప్పటికి వాళ్ళకి పొట్టలొచ్చాయి, కొవ్వు రెట్టింపయింది. అయినా ముప్పై ఏళ్ళ వయసు తగ్గించిన సత్తువ కన్నా, కుర్రతనంలో ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది. అది చాలదన్నట్టు ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయిస్తే, వయసు పట్టుకుపోయిన సత్తువ తిరిగొచ్చేసింది. అంటే మేం ఇన్నాళ్ళూ వయసు మీద పెట్టిన కేసులో అసలు ముద్దాయి సోఫా.

సరే, వాళ్ళు యాభై ఏళ్ళ పిల్లలు, వదిలేద్దాం. 1990లో ఇంకో ఘోరం బయటపడింది. 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పది మంది చేత, వృద్ధాశ్రమంలో, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిది మందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్ళలో ఇద్దరు చేతికర్ర అవతల పారేశారు. తొంభై ఏళ్ళ మనిషి కర్ర పారేసి నడుచుకుంటూ పోతుంటే అరవై రెండేళ్ళవాడు 'వయసైపోయింది' అని ఏ ముఖం పెట్టుకుని అంటాడు? ఆ పెద్దలంటే గౌరవం ఉంది గానీ, మా వర్గానికి వాళ్ళు చేసింది మాత్రం ద్రోహమే.

నాకు సొంతంగా బాగా కలిసొచ్చిన సాకు పదివేల అడుగులు. చూడగానే నీరసం వచ్చే లెక్క అది. సాయంత్రం ఫోన్ తీస్తే 1,140 కనిపించేది. ఇంకా 8,860 బాకీ ఉన్నాయంటే ఎవడు లేస్తాడు? ఎలాగూ తీరని అప్పే కదా అని కాళ్ళు చాపుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆ అంకె ఏ డాక్టరూ రాసిచ్చింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి దానికి 'మాన్పోకే' అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అమ్మేవాడి అంకె అది. అరవై దాటినవాళ్ళకి రోజుకి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే లాభం ఇంచుమించు పూర్తవుతుందని, అంతకన్నా కింద ఉన్నవాడు కాస్త పెంచినా మేలేనని 2022లో లెక్క తేల్చారు. అలా నా అప్పు సగం మాఫీ చేసి, కట్టక తప్పని స్థితికి తెచ్చారు.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల పని, అరవై అయిదు దాటిన పెద్దలకి మూడు రోజులు తూలిపడకుండా ఉండే సాధన అంటుంది. అననివ్వండి. ఇదివరకు ఒక వెసులుబాటు ఉండేది. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వచ్చేది. 'పది నిమిషాలు ఒక్కచోట దొరకట్లేదండీ' అని దర్జాగా చెప్పుకునేవాళ్ళం. 2020లో ఆ నిబంధన తీసేశారు. ఎంతసేపు కదిలినా లెక్కేనట. నోటి దగ్గర కూడు లాక్కోవడమంటే ఇదే.

అలాగని నేను ప్రయత్నించలేదనకండి. ఓ ఆదివారం తెల్లవారుజామున మొదలుపెట్టాను. పది నిమిషాలు మెల్లగా నడవమని అందరూ చెప్పారు. కాలేజీలో 400 మీటర్లు పరిగెత్తినవాణ్ణి, పది నిమిషాల నడకా! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? పరిగెత్తాను. ఆ రోజు ఏమీ కాలేదు, విర్రవీగాను. సోమవారం కాస్త పట్టేసింది. మంగళవారం మెట్ల దగ్గర తెలిసింది అసలు సంగతి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. సాగుతూ బరువు మోసే కండరానికే నొప్పి ఎక్కువట, అదీ రెండో మూడో రోజుకి ముదురుతుందట. రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగుతుంటే మా ఆవిడ కింద నిలబడి చూస్తోంది.

"ఏమండీ, ఏవైనా పడిపోయాయా?"

"ఏం పడలేదు. మెట్లు చూస్తున్నా."

"ముప్పై ఏళ్ళుగా ఉన్నాయిగా అవి."

ఆ వారంలోనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్ళింది. పాతికేళ్ళ పిల్ల. "అంకుల్, చేతులు గుండె మీద పెట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోండి, ముప్పై సెకన్లు" అంది. అరవై రెండేళ్ళుగా ఎవరి సర్టిఫికెట్టూ లేకుండా కుర్చీల్లోంచి లేస్తున్నవాణ్ణి. తొమ్మిది సార్లు లేచాను. పదోసారి కుర్చీ వదల్లేదు. నా వయసు మగవాళ్ళు 14 కన్నా తక్కువ చేస్తే సగటుకి కిందే లెక్కని చార్టు చూపించింది. కండరం తొందరగా ఊపందుకుంటుంది గానీ దాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్లకి నెలలు పడుతుంది, తొందరపడితే అవే దెబ్బతింటాయి అంది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ సరైన వేగమట. నేను కూర్చుని కూడా పాడలేను. ఈ పరీక్షలో నాకు అన్యాయం జరుగుతుందన్నాను. ఆ పిల్ల రాసుకోలేదు.

గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం మాత్రం మా ఆస్తుల జాబితాలో లేవని మనవి. అవి వస్తే ఆపేసి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నిజమైన కారణాలను మా వర్గం ముట్టుకోదు, మాకూ నియమాలున్నాయి.

ప్రస్తుతం రోజుకి రెండు పూటలా కుర్చీ ముందు లేచి కూర్చుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచే లెక్కపెడుతుంది. చూడకుండా ఎలా తెలుస్తుందో మొదట అర్థం కాలేదు. మోకాళ్ళ చప్పుడు వినిపిస్తుందట. నిన్నటికి పదకొండు.

బయట నడక సంగతి అడక్కండి. అక్కడ నాకు ఒక్క సాకు మిగిలి ఉంది: వంగి బూటు లేసు కట్టుకోలేను. దాన్ని జాగ్రత్తగా దాచుకుంటూ వచ్చాను. నిన్న సాయంత్రం మనవడు పెట్టె ఒకటి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"తాతయ్యా, వీటికి లేసుల్లేవు. అంటించేసుకోవడమే."