సీమ వంటింటికి గవాచి మళ్లీ రావాలి

కడప, కర్నూలు, అనంతపురం... ఎక్కడ కొత్త ఇల్లు కట్టినా వంటింటి మీద మోజు ఒకటే. నేల నుంచి కప్పుదాకా ప్లైవుడ్ అల్మారాలు, తళతళలాడే తలుపులు, పైన చిమ్నీ. ఇంటాయన మురిసిపోతూ చూపిస్తుంటాడు. ఇంటావిడ మాత్రం పట్టపగలు లైటు వేసుకుని తాలింపు పెడుతుంటుంది. చిన్న వంటిల్లు విశాలంగా కనిపించాలంటే మాడ్యులర్ కిచెనే దిక్కని అమ్మేవాళ్లు చెప్పారు, మనం నమ్మాం. ఇరుకు పెంచింది అదే. దీనికి మందు మన పాత మిద్దెల గవాచి, అంటే కప్పులో వదిలే వెలుగు కంత.

సంగటి కెలికేటప్పుడు ఒకసారి గమనించండి. కుండ కదలకుండా అదిమిపెట్టి, కట్టెను రెండు చేతులా పట్టి తిప్పాలి. మోచేతులకు అటూ ఇటూ చోటు కావాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటింటికి కనీస వెడల్పు 1.8 మీటర్లు అంటుంది. అందులో పొయ్యి గట్టుకు 60 సెంటీమీటర్లు, ఎదురుగోడ అల్మారాలకు మరో 60 పోతే మనిషికి మిగిలేది 60. ఇక కెలకడమెక్కడ!

మన పాత మిద్దెల్లో సామానంతా మందపాటి గోడ గూళ్లలోనే ఒదిగేది. నడినెత్తిన గవాచి. పొగ అందులోంచే పోయేది, వెలుగు అందులోంచే దిగేది, వానొస్తే మూతేసేవాళ్లు. ఇవాళ స్లాబు పోసేటప్పుడే అడుగున్నర చదరం వదిలి, చుట్టూ పిట్టగోడ లేపి, పైన గట్టి అద్దం, పక్కల జాలీ పెడితే సరి. వేడిగాలి ఎటూ పైకే పోతుంది. కిటికీ వెలుగు గట్టు దగ్గరే ఆగుతుంది. పైనుంచి పడేది మూలల్ని కూడా చూపిస్తుంది. మూలలు కనబడే గది ఇరుగ్గా అనిపించదు. సెంటు స్థలాల్లో మూడు పక్కలా పొరుగువాళ్ల గోడలే, కప్పు ఒక్కటే మనది. (మేడ మీద మేడ వేసేవాళ్లకు ఇది కుదరదు, వాళ్లు వెలుతురు కోసం పక్కన సందు వదలాల్సిందే.)

అరలకు కడప బండ చాలు. గోడలోకి దిగేసిన బండకు కాళ్లక్కర్లేదు, తలుపులక్కర్లేదు, చెదలు పట్టవు. గట్టు మీద మాత్రం ఆ నల్లబండ వద్దంటాను, వెలుగునంతా మింగేస్తుంది. లేత రంగు బేతంచర్ల బండ వేయండి.

తలుపుల్లేని అరల్లో దుమ్ము, నూనె జిడ్డు చేరతాయంటారు. నిజమే. రోజూ వాడే గిన్నెల మీద దుమ్మెంత నిలుస్తుంది? మూసిన అల్మారాలో బొద్దింకల సంసారం కంటే అది నయం.

అసలు జబ్బు వేరే ఉంది. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులు. జగనన్న కాలనీ ఇల్లు 340. వీటి మీద ఎన్నికలే నడిచాయి. పేదలకిచ్చే స్థలం సెంటా, రెండు సెంట్లా అని అరిచిన నాయకుల్లో పొయ్యి ఎటు, వెలుగు ఎటు అని అడిగినవాడు నాకు కనబడలేదు. సొంతంగా కట్టుకునేచోటా అంతే. ఇంజనీరు ముందు కూర్చునేది ఇంటాయన, మేస్త్రీ. పునాది తీయకముందే సుద్దతో నేల మీద గట్టు గీసి, ఇంటావిడను అక్కడ నిలబెట్టి చేతులాడించి చూడమంటే గంట పని. వాస్తు సిద్ధాంతికి పూటంతా ఇస్తున్నారు కదా, ఆ గంట ఆమెకివ్వడానికి ఏమడ్డం?