రిబ్బన్ కత్తిరించాక హద్దురాయి సంగతేమిటి?

హైదరాబాద్ అంబర్‌పేటలో కబ్జాల పాలై పూడుకుపోయిన బతుకమ్మ కుంట ముచ్చట తెలిసిందే. 2025 ఫిబ్రవరిలో చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వగానే నీళ్లు ఉబికాయి, పైపు పగిలిందేమోనన్న అనుమానాన్ని జలమండలి పరీక్షలు తీర్చాయి, సెప్టెంబర్ చివర్లో ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఆ జాగా కోసం ఏళ్ల తరబడి గొంతు చించుకున్నది మాజీ రాజ్యసభ సభ్యుడు వి. హనుమంతరావు. ఆ ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే.

లెక్క మాత్రం వేరే మాట చెబుతోంది. 1962-63 నాటి రికార్డుల్లో కుంట 14 ఎకరాల 6 గుంటలు, బఫర్‌తో, అంటే చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగాతో కలిపితే 16 ఎకరాల 13 గుంటలు. ఇప్పుడు బాగుపడింది ఐదెకరాల పైచిలుకే. మిగతాదంతా ఇళ్లయింది. నాయకుడి పోరాటం మూడో వంతును నిలబెట్టింది. మిగతా రెండు వంతులు పోతున్నప్పుడు అడ్డుపడాల్సింది కాగితం. ఆ కాగితమే బలంగా లేదు.

ఒక చెరువును కాగితం మీద కట్టడిచేయడం ఎలాగో చూడండి. ముందు గ్రామ నక్షా (ఊరి భూముల పటం), పహాణీ (భూమి రికార్డు), సర్వే ఆఫ్ ఇండియా పటం పక్కపక్కన పెట్టుకోవాలి. తర్వాత నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు మట్టాన్ని ఆధారంగా తీసుకుని లెవెల్ సర్వే చేస్తే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు వస్తుంది. మోసం జరిగేది ఇక్కడే. అలుగును అడుగో రెండడుగులో పగలగొడితే నీటిమట్టం దిగుతుంది, ఎకరాల కొద్దీ శిఖం (నీళ్ల కింది చెరువు భూమి) బయటపడుతుంది. ఆ దిగిన మట్టాన్నే కొలిస్తే కబ్జాకు సర్వేయరే సంతకం పెట్టినట్టు. అందుకే పాత అలుగు ఎత్తును పాత రికార్డుతో సరిపోల్చకుండా గీత గీయనివ్వకూడదు.

గీత కుదిరాక ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్. చాలా చెరువులు ఈ మొదటి మెట్టు మీదే ఏళ్లకేళ్లు కూర్చుంటాయి. తుది నోటిఫికేషన్ వచ్చినా ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాకు ఎక్కకపోతే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు రిజిస్టర్ చేసేస్తాడు. ఇక బఫర్. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. పది మీటర్ల వెడల్పు మించని నాలాకైతే (వాన నీటి కాలువకు) రెండే మీటర్లు. ఆ రెండు మీటర్లలోనే ఇళ్ల మెట్లు దిగుతాయి, జనరేటర్ కూర్చుంటుంది. వాన నీళ్లు తెచ్చే దారి మూసుకుపోయాక చెరువుకు దక్కేది మురుగే. చుట్టూ వాకింగ్ ట్రాక్ వేసి, ఒడ్డుకు కాంక్రీటు పోసి ఫొటో దిగితే అది తొట్టి అవుతుంది, కుంట కాదు.

నాయకుడు రోడ్డెక్కకపోతే ఫైలు కదలదన్నది నిజమే. నోటిఫికేషన్ పేరుతో పేదవాడి గుడిసెనే ముందు కూలుస్తారన్న భయమూ ఉత్తిది కాదు. అయితే ఇల్లు కట్టుకున్నాక కూల్చడం కన్నా, ప్లాటు అమ్ముడుపోకముందే ఆపడం ఆ పేదవాడికే మేలు. 22ఏ చేసే పని అదే.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. నగరంలో చెరువును కాపాడటం ఒక మనిషి మొండితనం మీద ఆధారపడటమేమిటి? రాజ్యాంగం 243ఎస్ అధికరణం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ప్రతి పురపాలికలో వార్డు కమిటీలు ఉండాలంటుంది. అమల్లోకి వచ్చింది 1993లో. మన దగ్గర కార్పొరేటర్ అంటే ఇప్పటికీ కరెంటు స్తంభానికీ డ్రైనేజీ మూతకూ సిఫారసు చేసే మనిషే. వార్డు కమిటీ నిజంగా నెలనెలా కూర్చుంటే చేయాల్సింది పెద్దదేమీ కాదు. వార్డు ఆఫీసు గోడకు ఎఫ్‌టీఎల్ పటం అంటించాలి, వానాకాలానికి ముందు హద్దురాళ్లు లెక్కపెట్టాలి, ఒక్కటి తక్కువైనా అదే రోజు తహసీల్దారుకు రాసి రసీదు తీసుకోవాలి.