సవరణ: కుక్కను తెచ్చుకుంటే గుండెజబ్బు రాదని కాదు

పెంపుడు జంతువుల వల్ల సమాజానికి కలిగే మేలు గురించిన పోస్టులో 'కుక్క ఉన్న ఇంట్లో గుండెజబ్బు దరిచేరదు' అన్న వాక్యాన్ని తీసేశాను. దాని బదులు ఇలా చదువుకోండి: కుక్కను పెంచుకునేవారిలో గుండెజబ్బు ముప్పు తక్కువని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది, కానీ దానికి కారణం కుక్కేనని రుజువు కాలేదు.

ఈ చర్చకు ఊపు తెచ్చింది 1980లో అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం. గుండె సమస్యతో ఆసుపత్రిలో చేరిన 92 మంది ఏడాది తర్వాత ఎలా ఉన్నారో చూశారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. తేడా పెద్దదే, చూసింది మాత్రం కొద్దిమందిని. పైగా ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే కుక్కను తెచ్చుకునే అవకాశం ఎక్కువ కదా. గుండె కోసమనే జంతువును తెచ్చుకోవద్దని 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా చెప్పింది.

మిగతా పోస్టులో మార్పు లేదు. సాయంత్రం కాగానే నోట పట్టీ కరుచుకుని గుమ్మం దగ్గర నిలబడే కుక్క మనిషిని బయటికి నడిపిస్తుంది. 'దీని పేరేంటండీ?' అంటూ, అంతవరకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు మాట కలుపుతారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఆ పలకరింపు ఎంతో విలువైనది.

ఆ వాక్యాన్ని ఉంచకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బీపీ తగ్గుతుందని తెచ్చుకున్న కుక్కను, తగ్గకపోతే వదిలేసేవాళ్ళు ఉంటారేమోనన్నదే నా టెన్షన్.