బైక్ యాత్రల కథల్లో మన ఊళ్లు ఎక్కడ?

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగానే పోతుంది. వెనక బ్యాగులు కట్టుకుని, హెల్మెట్‌కు కెమెరా తగిలించుకుని పోయే యువకులు ఈ రోడ్డు మీద ఏ కాలంలోనైనా కనిపిస్తారు. వానలు పడ్డాక శ్రీశైలం రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలో దోమలపెంట దాకా ఆదివారం పూట బండ్ల వరసే. రాత్రి తొమ్మిదికి గేటు వేసేలోపు అడవి దాటాలన్న టెన్షన్ వేరే.

ఆ తర్వాత వచ్చే వీడియోల్లో మలుపులుంటాయి, డ్యామ్ ఉంటుంది, బండి మైలేజీ ఉంటుంది. మనుషులు మాత్రం ఉండరు. నన్ను బాధపెట్టేది ఇదే. ఎందుకంటే ప్రపంచంలో నిలిచిపోయిన బైక్ యాత్రల పుస్తకాల్లో ఎక్కువ భాగం బండి ఆగిపోయిన చోట దొరికిన మనుషుల గురించే.

1952లో చే గువేరా, అతని స్నేహితుడు అల్బెర్తో గ్రనాదో అర్జెంటీనా నుంచి పాత నార్టన్ బండి మీద బయల్దేరారు. ఆ బండికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం 'బలశాలి'. అది చిలీలోనే చేతులెత్తేసింది. మిగతా దూరం లారీల మీద, పడవల మీద, కాలినడకన సాగింది. చుకికమాతా రాగి గనుల దారిలో, ఎడారి చలిలో వణుకుతున్న గని కార్మికుడినీ అతని భార్యనూ చే కలిసింది బండి పోయాకే. తమ దగ్గరున్న దుప్పట్లలో ఒకటి వాళ్లకిచ్చేశారు. బండి బాగుండి ఉంటే ఆ దంపతుల పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయేవాళ్లేమో! ఈ యాత్ర గురించి చే రాసుకున్న డైరీ ఆధారంగా 2004లో వచ్చిన సినిమాలో కూడా మనసులో నిలిచేది బండి లేని రెండో సగమే.

అదే 2004లో ఇద్దరు నటులు, యువన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్, లండన్ నుంచి న్యూయార్క్‌కు బైకుల మీద వెళ్లారు. పెద్ద బీఎండబ్ల్యూ బండ్లు, తోడుగా సామాన్ల వాహనాలు, ఒక కెమెరామన్. ఈ తరం బైక్ వీడియోలన్నిటికీ ఆ యాత్ర మీద వచ్చిన 'లాంగ్ వే రౌండ్' టీవీ సిరీస్ ఒరవడి దిద్దింది. అందులోనూ నాకు గుర్తుండిపోయింది మంగోలియానే. అక్కడ కెమెరామన్ బండి దెబ్బతింటే, ఊళ్లో దొరికిన ఎర్రటి చిన్న రష్యన్ బండి కొనుక్కుని ముందుకు కదిలారు. వెంట సిబ్బంది ఉన్న యాత్ర తప్పని నేను అనను. కానీ మరమ్మతు మనవాళ్లే చేసిపెడితే ఊరివాళ్ల గడప తొక్కే అవసరమే రాదు.

అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని మినియాపోలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాడు. 121 మంది ప్రచురణకర్తలు వద్దన్నాక 1974లో ఆ యాత్ర మీద 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' పుస్తకం వచ్చింది. అందులో ఒక చిన్న సంగతి ఉంది. స్నేహితుడి కొత్త బీఎండబ్ల్యూ హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు కత్తిరించి ప్యాకింగ్ పెడతానంటాడు పిర్సిగ్. ఖరీదైన బండికి డబ్బా రేకా అని స్నేహితుడు ముఖం చిట్లించుకుంటాడు. ఈ పేజీ కల్వకుర్తిలోనో దేవరకొండలోనో ఏ మెకానిక్‌కు చదివి వినిపించినా వెంటనే అర్థమవుతుంది. వాళ్లు రోజూ చేసే పని అది. పిర్సిగ్ దాన్ని తత్వశాస్త్రం దాకా తీసుకెళ్లాడు. మన దగ్గర ఆ చేతిపని గురించి రాసినవాళ్లు ఎంతమంది?

పాలమూరుకు దూర ప్రయాణం కొత్త కాదు. ఇక్కడి కూలీలు తరతరాలుగా దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టారు. ఇవాళ అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి పట్నంలో పనికి పోయేవాళ్లలో పండగకు భార్యాపిల్లలతో, మూటలతో వందసీసీ బండి మీదే ఊరికి వచ్చేవాళ్లున్నారు. ఒక బండి, నలుగురు మనుషులు, నూటయాభై కిలోమీటర్లు. అది సాహసం కాదని ఎవరంటారు? దాన్ని సాహసం అని పిలవకపోవడానికి కారణం ఒక్కటే, వాళ్ల దగ్గర కెమెరా లేదు. మలయాళంలో 2013లోనే ఇద్దరు కుర్రాళ్లు కేరళ నుంచి నాగాలాండ్ దాకా బైకుల మీద పోయే సినిమా వచ్చింది. మన సినిమాలో బైక్ ఎక్కువగా హీరో ఎంట్రీకి, ఛేజింగ్‌కు, డ్యూయెట్‌కు పనికొస్తోంది.

నిజానికి తెలుగులో యాత్రా రచన మొదలైన తీరే వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, కృష్ణ దాటి, పెంట్లవెల్లి, వనపర్తి, జడ్చర్ల మీదుగానే హైదరాబాద్ చేరాడు. ఆయనది బోయీలు మోసిన పల్లకీ ప్రయాణం, వెంట పరివారం ఉంది. అయినా మజిలీ మజిలీకీ ఆగి రాసుకున్నాడు: ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది అని. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. ఆ దారికి దగ్గర్లోనే ఇవాళ నాలుగు లేన్ల రోడ్డుంది, జేబులో ఫోనుంది. అయినా పెంట్లవెల్లి గురించి ఆయన పుస్తకంలో దొరికినంత కూడా ఇప్పటి వీడియోల్లో దొరకడం లేదు.

కాబట్టి ఈ రోడ్ల మీద తిరిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం. ఈసారి డిండి దగ్గరో హాలియాలోనో పంక్చరైతే కెమెరా ఆపేయకండి. ట్యూబుకు ప్యాచ్ వేసే మనిషితో మాట్లాడండి. ఆ పని ఎక్కడ నేర్చుకున్నాడో, ఏయే ఊళ్లు తిరిగి వచ్చి ఆ షాపు పెట్టుకున్నాడో అడగండి. అతను సరేనంటే పేరుతో సహా రాయండి, వీడియో కింద రెండు ముక్కలైనా సరే.