‘ఏడాదికొక ఆత్మ’ లెక్కకు జవాబు

కొన్ని నెలలుగా ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. రాసినవారి పేరు లేదు. పైన మాత్రం మత్తయి సువార్త ఇరవై ఎనిమిదో అధ్యాయం పందొమ్మిదో వచనం ఉంది: వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేసి బాప్తిస్మం ఇవ్వండి అని. దాని సారాంశం ఇది: ప్రతి విశ్వాసి ఏడాదికి ఒక్క ఆత్మను సంపాదించి, అంటే ఒక్కరిని విశ్వాసంలోకి తెచ్చి, ఆ కొత్త విశ్వాసి కూడా అలాగే చేస్తూ పోతే ముప్పై మూడేళ్లలో ప్రపంచమంతా క్రీస్తుదవుతుంది. అలా సంపాదించనివాడు పొరుగువాడి రక్తానికి జవాబుదారి. స్వస్థతతో మొదలుపెడితే జనం త్వరగా వస్తారు, కష్టాల సంగతి బాప్తిస్మం తరువాత చెప్పుకోవచ్చు. సరిహద్దులో అందరికీ తెలుగు వచ్చు కనుక భాష అడ్డు కాదు. ఒడిశాలో సువార్త చెప్పడమే నేరం కనుక పని గుట్టుగా జరగాలి.

మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠాలు చెప్పే పని చాలాకాలంగా నాది. సువార్త చెప్పవద్దనే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. ఈ సందేశం చెప్పమంటున్నది సువార్త కాదనే నా తగాదా.

మొదట ముప్పై మూడేళ్ల సంగతి. ఒకటితో మొదలుపెట్టి ముప్పై మూడుసార్లు రెట్టింపు చేస్తే 858 కోట్లు దాటుతుంది. గుణకారంలో తప్పు లేదు. 2011 జనాభా లెక్కల్లో 5,77,817 మంది ఉన్న మా గజపతి జిల్లా అయితే ఇరవయ్యో ఏటికే పూర్తవుతుంది. కానీ ఈ పని ఇక్కడ నిన్న మొదలైంది కాదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఇవాళ్టికీ మనం ఆరాధనలో పాడుకునే తెలుగు కీర్తనలు ఎన్నో ఆయనవే. ఆయన ఒక్కరితో లెక్క మొదలుపెట్టినా 1866 నాటికి సువార్త వినవలసిన మనిషి భూమ్మీద మిగలకూడదు. మిగిలారు. చౌదరి గారు ఏడాదికొకరిని సంపాదించలేని సోమరి అనుకోవాలా?

లెక్క వేసినవారికి చావులు గుర్తు రాలేదు. వలసలు గుర్తు రాలేదు. విని, ఆలోచించి, వద్దని వెళ్లిపోయేవారు అసలే గుర్తు రాలేదు. యోహాను సువార్త ఆరో అధ్యాయం చదవండి. రొట్టెలు తిన్న జనసమూహం ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ప్రభువు వారి వెనక పరుగెత్తలేదు, మాటను మెత్తబరచలేదు. మీరు కూడా వెళ్లిపోతారా అని పన్నెండు మంది శిష్యులనూ అడిగాడు. పౌలు సంగతి ఇంకా విడ్డూరం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో క్రిస్పుకు, గాయియుకు తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదంటాడు. వెంటనే స్తెఫను ఇంటివారికి కూడా ఇచ్చానని సర్దుకుంటాడు. ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదని ఆ మాట అక్కడితో వదిలేస్తాడు. తన దగ్గర బాప్తిస్మం పొందినవారి జాబితా ఆ అపొస్తలుడికే సరిగా గుర్తులేదు. దేవుడు దాన్నే అడుగుతాడని మాత్రం మన వాట్సాప్ బోధకుడికి ఖాయంగా తెలుసు.

సందేశంలో ఒంగోలు ప్రస్తావన కూడా ఉంది: 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం, చూశారా సంఖ్య మహిమ అని. సంఖ్య నిజమే. దాని ముందు ఏం జరిగిందో రాయలేదు. ఆ బాప్తిస్మాల వెనక ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ల ముందు. 1876లో మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని కాల్చేసింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి పని చూపించారు. కూలితోపాటు వాక్యమూ విన్న వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, వారు కూడా ఆ భ్రమలో రాకూడదని, సహాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఇక కూలి లేదు, గింజలు లేవు అని తేలిన తరువాత కూడా వచ్చినవారిని ప్రశ్నించి మరీ నీటిలోకి దింపారు. ఆ 2,222 వెనక ఏడాదికి పైగా సున్నాలు ఉన్నాయి. మన సందేశం ప్రకారం ఆ ఏడాది క్లౌ ఫలించని చెట్టే.

ఇక వచనం. పందొమ్మిదో వచనం రాసి ఆపేశారు. వాక్యం ఇరవయ్యో వచనంలోకి నడుస్తుంది: ఆజ్ఞాపించిన సంగతులన్నిటినీ పాటించేలా వారికి బోధించాలి. బాప్తిస్మం ఒక్క పూట పని. బోధ ఎంతకాలం పడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర ఒక తెలుగు వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. తాగుడు మానేశాడు, ఆదివారం తప్పేవాడు కాదు, కానుక సంచిలో మంచి నోటే వేసేవాడు. ఆయన దగ్గర కొండమీది సవర గిరిజన కుటుంబాల జీడితోటలు తాకట్టులో ఉండేవి, నూటికి నెలకు ఐదు వడ్డీకి. గింజ రాలే కాలానికి తోట ఆయనది, చెట్టుకు గొప్పు తవ్వే కాలానికి వాళ్లది. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా తిరిగిస్తానన్న సుంకరి జక్కయ్య పాఠం చెప్పిన రోజు ఆయన ముఖం చూడాలి! తరువాత కొన్ని వారాలు రాలేదు. మళ్లీ వచ్చాడు, వాదించాడు, వ్యాపారం వేరు భక్తి వేరు అన్నాడు. పాస్టర్ గారు కోప్పడలేదు, వదిలిపెట్టనూ లేదు. చాలాకాలానికి ఒక్కొక్క కాగితమే తిరిగి ఇచ్చాడు. ‘ఏడాదికొక ఆత్మ’ లెక్కలో ఈయన మొదటి ఏడే ఒకటి అయిపోయాడు, రెండో ఏడు మనం ఇంకొకరి కోసం వెతుక్కుంటూ ఉండాలి. ఆ జీడితోటలు ఎవరి ఖాతాలో రాస్తారు? తాకట్టు పెట్టిన సవరవాళ్లకు సువార్త ఏ ముఖంతో చెబుతారు? సంఖ్య కోసం సముద్రాన్నీ భూమినీ చుట్టివచ్చి ఒకణ్ణి కలుపుకొని, వాణ్ణి తమకంటే అన్యాయంగా తయారుచేసే బోధకుల్ని ప్రభువు మత్తయి ఇరవై మూడులో ఏమన్నాడో సందేశం రాసినవారు ఒకసారి చూసుకుంటే మంచిది.

రక్తాపరాధం మాట యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం నుంచి తెచ్చారు. కావలివాడు హెచ్చరించకపోతే జవాబుదారి, హెచ్చరిస్తే విడుదల. అక్కడ ఉన్నది అంతే. ఎంతమంది విన్నారన్న ప్రశ్నే లేదు. పైగా ఇశ్రాయేలీయులు నీ మాట వినరని దేవుడే ఆ ప్రవక్తకు ముందే చెప్పి పంపాడు. చెప్పడం మన పని. వినిపించడం, మనసు తిప్పడం మన చేతిలో లేవు. భయపెట్టి పంపిన మనిషి ఎదుటివారిని కూడా భయపెడతాడు. మన పల్లెల్లో ‘నమ్మకపోతే మీ ఇంటికి కీడు’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది.

అన్నిటికంటే నన్ను బాధించింది మూడో మాట. స్వస్థతతో మొదలుపెట్టండి, కష్టాలు తరువాత. రోగి కోసం ప్రార్థించడం సంఘం పని, నేనూ చేస్తాను. దేవుడు బాగుచేయగలడని నమ్ముతాను. కానీ తప్పక బాగవుతుంది అని మాట ఇవ్వడానికి నాకు అధికారం ఎక్కడిది? పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచివచ్చాడు. తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని తానే మూడుసార్లు వేడుకున్నా తీయబడలేదు. అపొస్తలుడు ఇవ్వని హామీ పత్రాన్ని మనం మలేరియా కొండల్లో పంచుతున్నాం. మందులు ఆపేసి కూటానికి వచ్చిన క్షయరోగిని చూశాక నేను ఈ విషయంలో మొహమాటపడడం మానేశాను. మాత్రలు ఆపవద్దు, ప్రార్థన కూడా చేద్దాం అని చెప్పడానికి ఏ విశ్వాసమూ అడ్డు రాదు.

తరువాత చెప్పుకోవచ్చన్న కష్టాల్లో ఒకటి కాగితాలకు సంబంధించింది. ‘కుల ధ్రువపత్రం గురించి అడిగితే ఏమీ కాదని చెప్పండి’ అని సందేశంలో స్పష్టంగా ఉంది. ఇది అబద్ధం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఆ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఒడిశాలో దళిత కుటుంబం క్రీస్తును ఒప్పుకుంటే ఎస్సీ హోదా పోతుంది. నది దాటి ఆంధ్రలోకి వెళ్తే వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తారు. సవరలకు, కోందులకు ఎస్టీ హోదా మతంతో ముడిపడి లేదు, అది వేరు. ఈ ఉత్తర్వు న్యాయమా అంటే కాదంటాను, దానిపై పోరాటం న్యాయస్థానాల్లో చాలా ఏళ్లుగా సాగుతోంది. కానీ అన్యాయాన్ని దాచిపెట్టి మనిషిని నీటిలోకి దింపడం ఇంకో అన్యాయం. కూతురికి హాస్టల్ సీటు కోసం తిరుగుతున్న తండ్రి నన్ను ఈ ప్రశ్న అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఇంకా నిర్ణయించుకోలేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే. ఆ ఖర్చును మనమే చాటు చేస్తే ఆయన కూర్చుని చూసుకునేది ఏమిటి?

‘అందరికీ తెలుగు వచ్చు’ అన్నది వినడానికి బాగుంది. సంతలో బేరమాడేంత తెలుగు చాలామందికి వచ్చు, పసుపు ఎంత, చింతపండు ఎంత. పాపం, క్షమాపణ, పునరుత్థానం ఆ తెలుగులో పట్టవు. మేము పంచిన తెలుగు కరపత్రంలోనే ఒక సవర అమ్మ నాకు పసుపుకొమ్ములు పొట్లం కట్టి ఇచ్చింది. తప్పు ఆమెది కాదు, కాగితం గట్టిదే మరి. ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని, ఆ భాష వాళ్ల దగ్గరే ఏళ్ల తరబడి నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన సువార్తికుడు కాడు. బడి పాఠం కోసం ఆయన అంత కష్టపడితే, నిత్యజీవం గురించి చెబుతామనే మనం కనీసం ‘కూర్చోండి, భోంచేశారా’ అన్న మాటైనా వాళ్ల భాషలో నేర్చుకోలేదంటే ఎవరిది బద్ధకం? లేదా ఇంకో దారి ఉంది: సవర సంఘాల్లో చక్కగా వాక్యం చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లను ముందుంచి మనం వెనక కూర్చోవడం. అప్పుడు మన లెక్కలో పడేది ఉండదు, అదీ ఇబ్బంది.

చివరిది చట్టం. ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం 1967 నాటిది. అది నిషేధించినవి మూడు: బలవంతం, ప్రలోభం, మోసం. శిక్ష ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. ఎదుటివారు మైనరు, స్త్రీ, ఎస్సీ లేదా ఎస్టీ అయితే రెండేళ్లు, 10,000. హైకోర్టు 1972లో ఈ చట్టాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు 1977లో నిలబెట్టింది. మరొకరిని మతం మార్చే హక్కు లేదని చెప్పిన ఆ తీర్పే, తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేసే హక్కు ఉందని కూడా చెప్పింది. కాబట్టి ‘సువార్త చెప్పడమే నేరం’ అన్నది నిజం కాదు. ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకుని అమాయకులను వేధించినవారు లేరని అనను. ఉన్నారు. అది వేరే వ్యాసం.

నన్ను ఆపినది చట్టంలోని ఒక నిర్వచనం. బలవంతం అంటే కర్ర పట్టుకోవడమే కాదట. దైవాగ్రహం కలుగుతుందని బెదిరించడమూ, వెలివేస్తామని బెదిరించడమూ అందులోకే వస్తాయి. అంటే పైన చెప్పిన ‘మీ ఇంటికి కీడు’ బాపతు మాటలు. కానుకలు, లాభాలు చూపడం ప్రలోభం. ధ్రువపత్రానికి ఏమీ కాదనడం మోసం. సందేశం నేర్పుతున్న పద్ధతులు వరుసగా ఆ మూడు గడుల్లో కూర్చుంటున్నాయి. ఇవి 1967 చట్టం పుట్టకముందే మనకు నిషేధం. వంచనతో నడుచుకోము, దేవుని వాక్యాన్ని వంకర చేయము అని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలోనే చెప్పాడు. మనుషులకు కాదు దేవునికే లోబడాలి అన్న పేతురు మాటను సందేశం చివర వాడుకున్నారు. పేతురు ఆ మాట యూదుల మహాసభ ముందు నిలబడి, పట్టపగలు అన్నాడు. ‘పుట్టినరోజు ప్రార్థన’ అని అబద్ధపు పేరు పెట్టి రాత్రి కూడిక జరపడానికి ఆ మాట పనికిరాదు. పౌలు రోమా పౌరసత్వాన్ని అధికారుల ముందు పెట్టాడు, రోమా చక్రవర్తి కైసరు దగ్గరికి అప్పీలు చేసుకున్నాడు.

1989 నియమాల ప్రకారం మతం మారదలచినవారు మేజిస్ట్రేటు ముందు తామే ప్రకటన ఇవ్వాలి, సంస్కారం జరిపేవారు పదిహేను రోజుల ముందు కలెక్టరుకు తెలపాలి. ‘ఆ పదిహేను రోజుల్లో బంధువులు, పెద్దలు చేరి మనసు మార్చేస్తారు, అందుకే రాత్రికి రాత్రి ఇచ్చేయండి’ అన్నది సందేశంలోని ఆఖరి సలహా. పదిహేను రోజుల్లో మారిపోయే మనసైతే మారనివ్వండి. మా తరగతిలో అలా ఆగిపోయినవారు ఉన్నారు. వారిలో ఒకాయన ఇప్పటికీ పండుగకు మా ఇంటికి అరిసెలు పంపుతాడు, యేసు గురించి ప్రశ్నలు అడుగుతాడు, ఈసారి తన అన్నను కూడా వెంటబెట్టుకు వచ్చాడు.