దారిలో బంకువాడికి మనం మళ్ళీ రామని తెలుసు

మన వీధి చివర పెట్రోల్ బంకులో కొలత తేడా వస్తే మర్నాడే వెళ్ళి నిలదీస్తాం, చుట్టుపక్కల పదిమందికీ చెప్తాం. అదే విజయవాడ హైవే మీద రాత్రిపూట, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే ఎక్కడో ఆగి రెండు వేలకు కొట్టించుకుంటాం. తెల్లారేసరికి ఆ బంకు ఏ ఊళ్ళో ఉందో కూడా గుర్తుండదు. దారి పక్కన మోసం చేసేవాడి ధైర్యమంతా అదే. అందరు డీలర్లూ దొంగలని నేను అనడం లేదు. నిజాయతీగా నడిపే వాళ్ళకు కూడా ఈ దొంగల వల్లే చెడ్డపేరు వస్తోంది.

ఇది ఉత్త అనుమానం అనుకునేవాళ్ళు 2020 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో బంకుల మిషన్లలో చిప్‌లు పెట్టి తక్కువ పోస్తున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. మిషన్ లోపల పల్సర్ అనే చిన్న భాగం ఉంటుంది. ఆయిల్ ఎంత వెళ్ళిందో డిస్‌ప్లేకి లెక్క పంపేది అదే. ఆ లెక్కను చిప్‌తో పెంచేస్తే 970 మిల్లీలీటర్లు పడేసరికే బోర్డు మీద లీటరు కనిపిస్తుంది. మీరు జీరో చూసుకున్నా, రీడింగ్ మీద నుంచి కన్ను తిప్పకపోయినా ప్రయోజనం లేదు. 2017లో లక్నోలో పట్టుబడిన బంకుల్లోనైతే రిమోట్ కూడా దొరికింది. తనిఖీకి ఎవరైనా వస్తే నొక్కి ఆపేయొచ్చు.

లీటరుకు 30 మిల్లీలీటర్లంటే మనకు మూడు రూపాయల పైచిలుకు. పోనీలే అనుకుంటాం. రోజుకు 5,000 లీటర్లు అమ్మే బంకుకు అది 150 లీటర్లు, అంటే పదిహేను వేల రూపాయలకు పైమాటే. రోజూ.

నాకు అన్నిటికంటే కడుపు మండేది లారీ డ్రైవర్ల విషయంలో. 300 లీటర్ల డీజిల్ కొట్టిస్తే తొమ్మిది లీటర్లు గాల్లో కలిసిపోతాయి. బిల్లు మీద మాత్రం 300 ఉంటుంది. మైలేజీ తగ్గిందని ఓనరు ఎవరిని అడుగుతాడు? డ్రైవర్‌నే. దారిలో డీజిల్ అమ్ముకున్నావని నింద వేస్తాడు, జీతంలో కోస్తాడు. చిప్ పెట్టినవాడు ఏసీ గదిలో ఉంటాడు, దొంగ అనిపించుకునేది రాత్రంతా నిద్రలేకుండా బండి నడిపినవాడు.

చిప్ లేకుండా జరిగే మోసాలు వేరే. వెయ్యికి కొట్టమంటే రెండు వందల దగ్గర ఆపుతాడు. "సారీ సార్, మిగతా ఎనిమిది వందలకు కొడతా" అంటాడు. మీటర్ జీరోకి తిప్పకుండా అదే రెండు వందల మీద నుంచి మొదలుపెట్టి ఎనిమిది వందల దగ్గర నాజిల్ తీసేస్తాడు. ఈలోగా ఇంకొకడు కార్డా, ఫోన్‌పేనా అంటూ మీ మొహం అటు తిప్పుతాడు. దీనికి మందు ఒక్కటే. కారు దిగండి. మిషన్ ఎదురుగా నిలబడండి. నాజిల్ తీసి హుక్కుకు పెట్టేదాకా డబ్బు సంగతి ఎత్తనివ్వకండి. బిల్లు అడిగి తీసుకోండి. టైము, నాజిల్ నంబరు లేకుండా రేపు ఫిర్యాదు చేసినా నిలబడదు.

గట్టి అనుమానం ఉంటే 5 లీటర్ల జార్ అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ జార్ ప్రతి బంకులోనూ ఉండి తీరాలి. అందులో కొట్టించి చూస్తే 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు ఒప్పుకుంటాయి, అంతకు మించి తగ్గితే తప్పే. ఆ పెట్రోల్ తిరిగి వాళ్ళ ట్యాంకులోకే పోతుంది, మీరు పైసా కట్టక్కర్లేదు. ఒక బంకులో నేను అడిగితే జార్ ఉన్న గది తాళం మేనేజర్ దగ్గరుందన్నారు, మేనేజర్ ఇంటికెళ్ళాడన్నారు. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తానన్నాక తాళం దొరికింది! కల్తీ అనిపిస్తే ఫిల్టర్ పేపర్ అడగండి, ఉచితమే. శుభ్రమైన పెట్రోల్ చుక్క ఆరిపోయాక మరక మిగలదు. వానాకాలంలో నీళ్ళు కలిసిన పెట్రోల్ బాధ వేరు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లోకి నీళ్ళు చేరితే ఇథనాల్, నీళ్ళు రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి, బండి అక్కడికక్కడే ఆగిపోతుంది.

వాట్సాప్‌లో తిరిగే చిట్కాలను మాత్రం నమ్మకండి. వందకు బదులు 105, 210 అని కొట్టిస్తే మోసం ఉండదట. పల్సర్ లెక్కే తప్పయినప్పుడు అంకె ఏదైతే ఏం? తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్నదీ అంతే, ట్యాంకు భూమిలోపల ఉంటుంది, పూటపూటకూ దాని వేడి మారదు. అలాగే 37 లీటర్ల ట్యాంకులో 39 పట్టిందని బంకువాడి మీద పడిపోకండి. కంపెనీ చెప్పే కెపాసిటీకి పైన కూడా కొంత ఖాళీ ఉంటుంది. తప్పుడు ఫిర్యాదులు పెరిగితే అసలైన ఫిర్యాదును కూడా ఎవరూ పట్టించుకోరు.

అయినా ఇదంతా ప్రయాణికుడి నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. రిమోట్‌తో ఆపేసే మోసాన్ని జార్ కూడా పట్టుకోలేదు. మిషన్ విప్పి చూసే అధికారం తూనికల శాఖకు ఉంది. సంక్రాంతి, దసరా వారాల్లో, రాత్రిళ్ళు, ప్రభుత్వ జీపులో కాకుండా మామూలు కారులో వచ్చి కొట్టించుకోమనండి. చివరిసారి సీల్ వేసిన తేదీ, ఆ రోజు 5 లీటర్లకు ఎంత వచ్చిందో ప్రతి మిషన్ మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించమనండి.