ఇటలీని విదేశంగా గుర్తించవచ్చునా?

కొడుకు ఫారిన్‌లో చదువుతున్నాడని చెప్పుకునే తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటేటా పెరుగుతున్నారు. ఆ ఫారిన్ నిజంగా ఫారినేనా అని తేల్చే వ్యవస్థ మాత్రం మనకింకా ఏర్పడలేదు. అమెరికా విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల మీద కూడా చెప్పుకోదగ్గ ఫిర్యాదులు లేవు. చిక్కంతా ఇటలీతోనే. బొలోన్యా నగరంలో చదువుకుంటున్న మన పిల్లల దినచర్యను నిశితంగా గమనించిన మీదట, ఆ దేశాన్ని విదేశాల జాబితాలో కొనసాగించడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్నను పెద్దల ముందు పెట్టక తప్పడం లేదు.

ముందుగా స్కాలర్‌షిప్ సంగతి. సమర్థులకు స్థోమత లేకపోయినా పై చదువులు చదివే హక్కు ఉందని ఇటలీ రాజ్యాంగం 34వ అధికరణంలో రాసుకున్నారు. ఆ మాట మీద నిలబడి అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాలు ఇంటి ఆదాయం చూసి డబ్బులిస్తాయి, పరాయి దేశం పిల్లలకు కూడా ఇస్తాయి. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆదాయం తక్కువని నిరూపించాల్సింది ఎవరు? నాన్న. ఎక్కడ? ఎమ్మార్వో ఆఫీసులో. ఇంట్లో ఎందరున్నారు, ఎవరి సంపాదన ఎంత, డిసెంబరు 31 నాటికి బ్యాంకులో ఎంత మిగిలింది, సొంతిల్లు ఎన్ని చదరపు మీటర్లు... అన్నిటికీ సర్టిఫికెట్లు తెచ్చి, పరాయి దేశంలో చెల్లేందుకు అపోస్టిల్ అనే ముద్ర వేయించి, ఇటాలియన్‌లోకి మార్పించి పంపాలి. పాపం, బంధువుల్లో ఇన్నేళ్లుగా పెంచుకుంటూ వచ్చిన పరపతి మొత్తాన్నీ ఆయన ఒక్క కవర్లో పెట్టి తగ్గించుకోవాలి. పెళ్లిళ్ల పేరయ్యకు వర్ణించిన ఇల్లూ బొలోన్యాకు కొలిచి పంపిన ఇల్లూ ఒకటేనంటే ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా నమ్మడు.

విమానం దిగాక అసలు చదువు మొదలవుతుంది. యూనివర్సిటీలో కాదు, పోస్టాఫీసులో. దేశంలో కాలుపెట్టిన 8 పనిదినాల్లోగా ‘పర్మెస్సో ది సొజ్జోర్నో’ అనే నివాస కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పసుపు చార ఉన్న కవరు తెచ్చుకుని, అందులోని ఫారాలు నింపి, కౌంటర్లో ఇవ్వాలి. ఏడాదిలోపు కార్డుకు 70.46 యూరోలు, పోస్టాఫీసుకు 30, ఇవి కాక 16 యూరోల రెవెన్యూ స్టాంపు. ఆ 46 సెంట్లు ఎందుకని మనవాడు అడగడు. స్టాంపు పదహారే ఎందుకని అసలే అడగడు, ఎందుకంటే ఆ అంకె వాడికి పుట్టినప్పటినుంచీ తెలుసు. తేడా ఒక్కటే. మన దగ్గర శుభకార్యానికి మాత్రమే నూట పదహార్లు చదివిస్తాం, అక్కడ 2013 నుంచి ఏ సర్కారీ కాగితం కదలాలన్నా పదహార్లు చదివించుకోవాలి.

ఇంతకీ ఈ స్టాంపు ఎక్కడ దొరుకుతుంది? కోర్టు అరుగు మీద కాదు, ట్రెజరీలో కాదు. సిగరెట్ల కొట్టులో. గుమ్మం పైన పెద్ద ‘టి’ అక్షరం వేలాడే ఆ తబాక్కెరియాలో స్టాంపులు, బస్సు టికెట్లు, ఫోన్ రీచార్జి, బిల్లుల చెల్లింపులు, లాటరీ అన్నీ ఒక్క కౌంటర్లోనే. నిప్పంటే గ్యాస్ స్టవ్ తప్ప మరొకటి ఎరగని కుర్రాడు వారానికి రెండు మూడుసార్లు ఆ గుమ్మం తొక్కాల్సిందే. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది.

“ఏరా, వెనకాల అవేంట్రా డబ్బాలు?”

“సిగరెట్లు నాన్నా. గవర్నమెంటు పని మీద వచ్చాను.”

ఈ జవాబు విన్న ఏ తండ్రీ ఆ రాత్రి సరిగా నిద్రపోయిన దాఖలా లేదు.

దరఖాస్తు ఇచ్చాక ఒక రసీదు ఇస్తారు. వేలిముద్రలకు పోలీసు కార్యాలయం పిలిచే తేదీ నెలల తర్వాత ఉంటుంది. అప్పటిదాకా ఆ రసీదే మనిషి. బ్యాంకు వాడు అడిగినా అదే చూపాలి, ఇంటి ఓనరమ్మ అడిగినా అదే చూపాలి. అందుకే అది మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో, వెంకన్న ఫొటో పక్కన ఉంటుంది. చివరికి కార్డు చేతికొచ్చేసరికి దాని గడువు దగ్గరపడి ఉంటుంది. వెంటనే రెన్యువల్‌కు పసుపు చార కవరు తెచ్చుకోవాలి. ఈ రెండు కవర్ల మధ్య దొరికిన ఖాళీలో మాస్టర్స్ చదువుకోవాలి. కొందరు పాసవుతున్నారు కూడా.

ఇంటి వేట ఇంకో గ్రంథం. బొలోన్యా వెళ్లినవారంతా అక్కడి పోర్తికోలను చూసి నోరు తెరుస్తారు. వీధి పొడవునా స్తంభాల మీద నిలిచిన వసారాలు, ఊరంతా కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిలో కొన్నిటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి పుట్టుక మాత్రం మన కాలనీ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 1088లో మొదలైందని చెప్పుకునే యూనివర్సిటీకి కుర్రాళ్లు వచ్చి పడుతుంటే, జనం పెరిగిపోతుంటే, ఇళ్లవాళ్లు పై అంతస్తును రోడ్డు మీదికి పెంచి, పడిపోకుండా కింద స్తంభాలు పెట్టారు. అద్దెకో పోర్షన్ పెరిగింది. మన మున్సిపాలిటీ అయితే సెట్‌బ్యాక్ ఏదని నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఫీజు కట్టించుకుని రెగ్యులరైజ్ చేసేది. వాళ్లు 1288లో ఏకంగా, ఇల్లు కట్టేవాడెవడైనా ఇలాగే కట్టాలని శాసనం చేశారు. ఇంత దూరదృష్టి తర్వాత కూడా నేడు గది దొరకదు. దొరికినా ‘అమ్మాయిలకు మాత్రమే’ అనో, ‘ఉద్యోగస్తులకే’ అనో ఉంటుంది. సింగిల్ రూముకు అయిదారు వందల యూరోలు చెబుతారు, కనుక మనవాడు సగం గదిలో ఒక మంచం తీసుకుని, ఇంటికి మాత్రం హెరిటేజ్ బిల్డింగ్‌లో ఉంటున్నానని చెబుతాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ ఇంట్లో వంట చేయడం కరెంటుతో కూడిన విషయం. ఇటలీలో మామూలు ఇంటి మీటరు లోడ్ 3 కిలోవాట్లు. ఇండక్షన్ మీద పప్పు కుక్కర్ మూడో కూతకు సిద్ధమవుతున్నప్పుడు రూమ్మేటు వాషింగ్ మెషీన్ వేశాడంటే ఇల్లంతా చీకటి. అదే సమయంలో స్నానాల గదిలో ఎవరైనా జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఆ చీకట్లో కొన్ని ఇటాలియన్ మాటలు వినబడతాయి. మన పిల్లలు ఆ భాషలో మొదట నేర్చుకునేవి అవే. మెట్లు దిగి మీటరు స్విచ్చి పైకెత్తాల్సింది మాత్రం ఎవరు కుక్కర్ పెట్టారో వాళ్లే.

ఇక తిరగమోత. టాలియతెల్లె అనే పాస్తా ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలని 1972లో బంగారు నమూనా చేయించి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో దాచుకున్న ఊరది. అలాంటి ఊళ్లో, అదే పాస్తాలో మనవాడు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడించాడు. దక్షిణాదిన పూల్యా నుంచి వచ్చిన రూమ్మేటు ఏమీ అనలేదు. కిటికీ తెరిచాడు. చలికాలంలో కిటికీ తెరవడమంటే అక్కడ మామూలు మాట కాదు, గాలి సోకితే మెడ పట్టేస్తుందని ప్రతి ఇటాలియన్‌కూ వాళ్లమ్మ నూరిపోసి ఉంటుంది. అయినా ఆ కుర్రాడికి మాట్లాడే నైతిక హక్కు లేదు. నెలనెలా వాళ్లమ్మ ఊరి నుంచి పంపే అట్టపెట్టెలో ఆలివ్ నూనె డబ్బా, టమాటా సీసాలు, చీజు, గుండ్రటి మురుకుల్లాంటి తరాల్లి ఉంటాయి. ఆ పెట్టె పక్కనే మన ఆవకాయ పార్సిల్ ఉంటుంది. ‘తిన్నావా’ అనే ప్రశ్న ఆ గదిలో ప్రతి సాయంత్రం రెండు భాషల్లో మోగుతుంది. రెండిటికీ జవాబు అబద్ధమే.

స్నానాల గది ప్రస్తావన వచ్చింది కాబట్టి సభామర్యాదకు భంగం కలగకుండా ఒక మాట. ఇంట్లో కనీసం ఒక బాత్రూములో బిడే, అంటే కూర్చుని నీళ్లతో కడుక్కునే తొట్టి, ఉండి తీరాలని 1975 జులై 5న ఇటలీ ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. అంటే అక్కడ నీళ్లు చట్టబద్ధం. అమెరికాలో డాలర్లలో సంపాదిస్తూ, ప్లాస్టిక్ మగ్గును అతిథుల కంట పడకుండా సింకు కింద దాచుకునే అన్నయ్యను చూస్తే బొలోన్యా తమ్ముడికి జాలి వేస్తుంది. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ ఎంతని అడిగేవాళ్లు ఈ అంశాన్ని ఎందుకు వదిలేస్తున్నారో బోధపడదు.

బస్సుల సమ్మె గురించి ఎక్కువ చెప్పను. తరచుగా శుక్రవారం వస్తుంది, ఏయే గంటల్లో బస్సులు తప్పక నడుస్తాయో ముందే నోటీసు వేస్తారు. ముహూర్తం చూసి చేసే బంద్ అన్నమాట.

అయితే ఇటలీ విదేశమేనని ఒప్పుకోవాల్సిన సాక్ష్యం ఒకటుంది, నిజాయితీ కోసం దాన్నీ నమోదు చేస్తున్నాను. పరీక్షలు. చాలావాటికి ప్రొఫెసర్ ఎదుట కూర్చుని నోటితో చెప్పాలి. చూడాలనుకున్నవాళ్లు వెనక కూర్చుని వినొచ్చు. మన వైవాలో ఎక్స్‌టర్నల్ గారికి భోజనం సరిగ్గా కుదిరితే సగం గట్టెక్కినట్టే, అక్కడ ఆ సౌకర్యం లేదు. మార్కులు 30కి, పాసవడానికి 18. చిత్రం ఏమిటంటే, ప్రొఫెసర్ చెప్పిన మార్కు నచ్చకపోతే చాలా సబ్జెక్టుల్లో వద్దని చెప్పి, మళ్లీ ఇంకో తేదీకి రావచ్చు. మార్కులు వద్దనడమా! వందకు 98 తెస్తే ఆ రెండూ ఎటుపోయాయని నిలదీసిన ఇంట్లో పెరిగినవాడు ఆ మాట నోటి దాకా ఎలా తెచ్చుకుంటాడు? పక్క బెంచీ ఇటాలియన్ 27ను తిరగ్గొట్టి కాఫీకి వెళ్లిపోతాడు. మనవాడు 19ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంటాడు.

ఫెయిలవడానికి మాత్రం అక్కడ మనకంటే మంచి కారణాలుండేవి. 97 మీటర్ల అసినెల్లి గోపురం 498 మెట్లు పట్టా పుచ్చుకోకముందే ఎక్కితే ఇక పట్టా రాదని బొలోన్యాలో తరతరాల నమ్మకం. తేలనివాళ్లంతా ‘మొదటివారం తెలియక ఎక్కేశాను’ అని చెప్పి గౌరవంగా బయటపడేవారు. పక్కనున్న గరిసెండా గోపురం మరీ ఒరుగుతోందని 2023 అక్టోబరులో చుట్టూ కట్టడి చేసి, అసినెల్లికీ జనాన్ని పంపడం ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన బ్యాచ్‌లకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఎలాగైతేనేం, పట్టా వస్తుంది. తలమీద బే ఆకుల కిరీటం పెడతారు. మన బిర్యానీ ఆకుకు చుట్టమే, కనుక అమ్మ ఫొటో చూసి ముందు దాని గురించే అడుగుతుంది. అసలు విశేషం వేరే. ఇటలీలో మూడేళ్ల డిగ్రీ అయినవాడిని కూడా చట్ట ప్రకారమే ‘దొత్తోరె’ అనొచ్చు. పీహెచ్‌డీ అక్కర్లేదు, స్టెతస్కోపు అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలిశాక నాన్న ఎమ్మార్వో ఆఫీసు మెట్లు, సిగరెట్ల కొట్టు, 70.46 యూరోలు అన్నీ మరిచిపోయాడు. గేటుకు కొత్త నేమ్‌ప్లేటు వచ్చింది. అబ్బాయి పేరు ముందు ‘డా.’ అని ఇత్తడి అక్షరాలు.

“దేనికి డాక్టరు వదినగారూ?” అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

“డేటాకండీ” అంది అమ్మ.

“మా ఆయనకదే డౌటు. ఈ షుగర్ రిపోర్టు ఒకసారి బాబుకు వాట్సాప్ చెయ్యరూ?”